నీళ్ళు అక్కర్లేని బ్యాటరీ

"ఘర్ మే ఔరత్ హై నా సాహూజీ, పానీ వో డాల్ దేగీ" అన్నాడు సూరిబాబు. ఇంట్లో ఆడమనిషి ఉంది కదా, నీళ్ళు తనే పోస్తుంది అని. ఆ మాటతో ఏ బ్యాటరీలు కొనాలన్నది తేలిపోయింది.

టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఊర్మిళకి ఆ పూట అందులో తప్పేమీ కనపడలేదు. ఇంట్లో ఉన్న ఆడమనిషి తనేగా. మొక్కలకి పోస్తోంది, అత్తగారి స్నానానికి తోడుతోంది, ఆయన ఆఫీసునుంచి వస్తే చెంబుతో అందిస్తోంది. బ్యాటరీలకి ఇంకో రెండు చెంబులు పోస్తే ఏం పోయింది? పైగా బయటివాళ్ళ ముందు ఆయన తన ఊసు ఎత్తడమే అరుదు. సాహూజీ తనవైపు చూసి మర్యాదగా నవ్వితే కొంగు సర్దుకుని తనూ నవ్వింది.

సూరిబాబు రాయ్‌పూర్ స్టేషన్‌లో సిగ్నల్ ఇన్‌స్పెక్టరు. అతని తండ్రి విజయనగరం దగ్గర పల్లెనుంచి గ్యాంగ్‌మన్‌గా వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. పుట్టడం, పెరగడం, పెళ్ళి, కూతురు పుట్టడం, ఆ కూతురికి పెళ్ళి చేసి భిలాయి పంపడం, అన్నీ రైల్వే క్వార్టర్లలోనే అయ్యాయి. సొంత ఇల్లనేది ఉండాలన్న పట్టుదలతో తొంభై నాలుగులో బీర్‌గావ్ దాటాక కొత్త కాలనీలో కట్టుకున్నాడు. వీధిలో కరెంటు స్తంభాలు పాతారు గానీ తీగలు లాగలేదు. ఉర్లా ఫ్యాక్టరీల దీపాలు మాత్రం రాత్రంతా ఆకాశం మీద ఎర్రగా పరుచుకుని కనపడేవి. అర్జీలు పెట్టి పెట్టి విసిగిపోయి డాబా మీద సోలార్ పలకలు పెట్టిద్దామనుకున్నాడు. పలకల గురించి పెద్ద చర్చేమీ జరగలేదు. పగలు పట్టిన కరెంటుని రాత్రికి దాచుకునే బ్యాటరీల దగ్గరే వచ్చింది చిక్కు.

దుకాణందారు సాహూజీ ఉన్నదున్నట్టే చెప్పాడు. ఒకటి నీళ్ళ రకం. ఎండకి ఓర్చుకుంటుంది, బాగా చూసుకుంటే చాలా ఏళ్ళు వస్తుంది. కానీ చూసుకోవాలి. లోపలి యాసిడ్‌లో నీరు తగ్గుతూ ఉంటుంది కాబట్టి డిస్టిల్డ్ వాటర్ పోస్తూ ఉండాలి, తీగలు పట్టి ఉంచే నట్లు బిగించాలి, వాటి చుట్టూ పూసే తెల్లటి పొడి తుడవాలి. రెండోది కొత్తగా వచ్చిన సీల్డు రకం. బిగించేసి ఉంటుంది, నీళ్ళ ఊసే లేదు, మూలన పడేసి మర్చిపోవచ్చు. అయితే రాయ్‌పూర్ వేసవికి తొందరగా పాడవుతుంది. "నా సర్వీసంతా నీళ్ళ బ్యాటరీలతోనే గడిచింది. వాటి సంగతి నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?" అన్నాడు సూరిబాబు. అది అబద్ధం కాదు. ఎవరు చూసుకుంటారన్న ప్రశ్న ఒక్కటే మిగిలింది. దానికి జవాబు టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఉంది.

బ్యాటరీలని వంటింటి వెనక వసారాలో దించారు. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక ఊర్మిళ కాసేపు గోడకి జారబడి కూర్చునే చోటు అది. గాలి తగలాలి, ముందు గదిలో పెడితే వాసనొస్తుంది, అమ్మ గదిలో అసలే వద్దు అని సూరిబాబే చూపించాడు ఆ చోటు. ఆ రోజు నుంచి వంట చేస్తుంటే గొంతులో పుల్లగా ఏదో పట్టుకునేది. యాసిడ్ చుక్క ఎప్పుడు పడిందో తెలిసేది కాదు, చీర ఉతికి ఆరేసినప్పుడు మాత్రం చిల్లులు కనపడేవి. వేళ్ళ చివర్లు పసుపు పూసినట్టయి తోలు లేచిపోయేది. "కోడలు సీరలన్నీ కాల్చీసుకుంటంది, సెయ్యి నిలకడ నేదు" అని అత్తగారు అప్పలనరసమ్మ వచ్చినవాళ్ళకల్లా చెప్పేది. ఆ చేత్తోనే వండింది తింటూ చెప్పేది.

ఆ కరెంటు ఎవరికి ఎంతన్నది కూడా సూరిబాబే తేల్చాడు. ముందు గదిలో ట్యూబులైటు, టీవీ. అమ్మ మంచం దగ్గర ఫ్యాను. వంటింటికి లైటు అడిగితే, "లోడెక్కువైతే బ్యాటరీలు తట్టుకోవు, వంట పెందలాడే ముగించుకోలేవా?" అన్నాడు. కాలనీవాళ్ళు సాయంత్రం వార్తలు చూడటానికి వచ్చేవారు. "మనకి బిజిలీ ఆఫీసు అక్కర్లేదు, సూర్యుడే పంపిస్తాడు" అని ఆయన వాళ్ళకి పలకలూ తీగలూ చూపించేవాడు. వాళ్ళందరికీ టీ కాస్తూ ఊర్మిళ కిరసనాయిలు బుడ్డి వెలుతురులో పంచదార డబ్బా వెతుక్కునేది. అప్పుడు కూడా ఆమెకి కోపం రాలేదు. నిజానికి కొంచెం గర్వమే. ఆ ట్యూబులైటు వెలుగుతుంటే, అందులో తన చెయ్యి కూడా ఉంది కదా అనుకునేది. ఎవరైనా ఆ మాట అంటారేమోనని చూసేది. ఎవరూ అనలేదు.

మరుసటేడు మే నెలలో, ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం, టీవీలో క్రికెట్టు వస్తోంది. బొమ్మ వణుకుతోంది. "ఏమే, వెనకాల నట్టు వదులైనట్టుంది. కాస్త బిగించు" అని ముందు గదిలోంచి కేకేశాడు సూరిబాబు. ఊర్మిళ పిండి చేతులు కొంగుకి తుడుచుకుని ఇనప పానా పట్టుకుని వెళ్ళింది. డాబా మీద ఎండ నిప్పులు చెరుగుతోంది. బ్యాటరీలు చార్జవుతూ లోపల సన్నగా కుతకుతమంటున్నాయి. చెమటకి పానా జారి పక్క తీగకి తగిలింది. నిప్పురవ్వ లేచింది. ఆ వెంటనే లారీ టైరు పేలినట్టు చప్పుడు. మూత ఎగిరిపోయి, యాసిడ్ చిమ్మి ముఖమంతా మండిపోయింది.

పక్క సందులో ఉండే కమల ఆ చప్పుడు విని పరుగెత్తుకొచ్చింది. ఆమెది తణుకు దగ్గర ఊరు, బీర్‌గావ్‌లో ఒక చిన్న క్లినిక్‌లో నర్సు. ఊర్మిళని ఈడ్చుకెళ్ళి నీళ్ళ గాబు దగ్గర పడుకోబెట్టి, చెంబు తరవాత చెంబు కంట్లో పోస్తూనే ఉంది. "కళ్ళు తెరువు వదినా, తెరవాలి, నాకోసం తెరువు" అని తిడుతూ ఏడుస్తూ పోసింది. కుడికన్ను దక్కింది. ఎడమకన్ను మీద పాలపొర లాంటిది మిగిలిపోయింది. వెలుగుందా లేదా అన్నది తప్ప ఆ కంటికి ఇంకేమీ తెలియదు.

ఆస్పత్రికి చూడటానికొచ్చిన వాళ్ళందరికీ సూరిబాబు ఒకటే చెప్పాడు. "ఎన్నిసార్లు చెప్పాను జాగ్రత్త జాగ్రత్త అని. వింటేగా." భిలాయి నుంచి వచ్చిన కూతురు తల్లి చెయ్యి పట్టుకుని కన్నీళ్ళు పెట్టుకుంది. తుడుచుకున్నాక, "నాన్న చెప్పినట్టు కాస్త చూసి చెయ్యొచ్చు కదమ్మా" అంది. కమల ఒక్కతే, అందరూ వెళ్ళాక వంగి మెల్లగా అడిగింది.

"బిగించమని ఎవరన్నారు వదినా?"

"ఎవరూ అన్లేదు. నేనే చూసుకోలేదు" అంది ఊర్మిళ.

అబద్ధమాడుతున్నానని ఆమె అనుకోలేదు. అప్పటికే ఆమె ఆ మాట నమ్మేసింది. తరవాత నెలల తరబడి, బియ్యం ఏరుతూ, బట్టలు పిండుతూ, ఆ క్షణాన్ని మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి వెతుక్కుంది. ఎక్కడ తప్పు చేశాను? చెయ్యి పూర్తిగా తుడుచుకోలేదా? గాజు తగిలిందా? లోహపు గాజులు తీసేసి ప్లాస్టిక్‌వి వేసుకుంది. తొందరపడ్డానా? పొయ్యి మీద పప్పు మాడుతుందని తొందరపడిన మాట నిజమే. ఇంకో నిమిషం ఆగి ఉంటే? ఇంత చిన్న పని కూడా సరిగా చెయ్యలేని మనిషిని ఎవరేం బాగుచేస్తారు అని తనని తనే తిట్టుకుంది. కన్ను పోయినందుకు కాదు, ఇంటిల్లిపాదినీ కంగారు పెట్టినందుకు సిగ్గుపడింది. పేలిన బ్యాటరీ స్థానంలో సాహూజీ ఇంకోటి పెట్టి వెళ్ళాడు. కట్టు విప్పిన వారానికే ఊర్మిళ మళ్ళీ వసారాలోకి వెళ్ళి, తల పక్కకి తిప్పుకుని, ఒంటికన్నుతో మట్టం చూసుకుంటూ నీళ్ళు పోసింది. మొదటిసారి గురి తప్పి సగం నేలపాలయ్యాయి. "అవి ఊరికే వచ్చే నీళ్ళు కాదు" అన్నాడు సూరిబాబు.

ఆమధ్య కమల ఒకసారి కబురు తెచ్చింది. క్లినిక్‌లో రోగుల పేర్లు రాసి చీట్లు ఇవ్వడానికి మనిషి కావాలట. "నీకు హిందీ చదవడం రాయడం బాగా వచ్చు కదా వదినా." ఊర్మిళ నవ్వేసింది. "అత్తనెవరు చూస్తారు?" అంది. అత్తగారు లోపల్నించి, "ఒంటికన్నుతో ఉజ్జోగాలేటి" అంది.

మూడేళ్ళు అలాగే నడిచాయి. తొంభై ఎనిమిది సెప్టెంబరులో విశ్వకర్మ పూజకి సూరిబాబు ఆమెని స్కూటరు మీద స్టేషన్‌కి తీసుకెళ్ళాడు. ఆ రోజు రైల్వేలో పనిముట్లకి పూజ చేస్తారు, సిబ్బంది కుటుంబాలన్నీ వస్తాయి. సూరిబాబు పెద్దాఫీసర్ల దగ్గర నిలబడి మాట్లాడుతుంటే, ఖలాసీ జోగయ్య ఊర్మిళని లోపలికి పిలిచాడు. బొబ్బిలి వైపు మనిషి, ఊర్మిళ పెళ్ళికి కూడా వచ్చినవాడు. "రండమ్మా, సారు సెక్షను సూద్దురుగాని" అని బ్యాటరీ గదిలోకి తీసుకెళ్ళాడు.

గదిలో బ్యాటరీలు వరసలుగా ఉన్నాయి. తన ఇంట్లోవాటి లాంటివే. కుంకుమ బొట్లు పెట్టి బంతిపూలు చల్లారు. కిటికీలు పెద్దవి, గోడకి గాలి లాగే ఫ్యాను. తలుపు పక్కన కొక్కేలకి రబ్బరు ఏప్రన్లు, మోచేతుల దాకా వచ్చే రబ్బరు తొడుగులు, ముఖానికి అతుక్కునే పెద్ద పెద్ద కళ్ళద్దాలు. వాటికీ బొట్లు పెట్టారు. కింద బకెట్‌లో యాసిడ్‌ని విరిచే సోడా కలిపిన నీళ్ళు, కళ్ళు కడుక్కోవడానికని వేరే ఒక జగ్గు. పానాల పిడులకి నల్లటి టేపు దిట్టంగా చుట్టి ఉంది.

"ఇవన్నీ ఏంటి జోగయ్యా?"

"నీల్లు పోసినప్పుడు, నట్లు బిగించినప్పుడు ఏసుకునేవమ్మా. ఇవి ఏసుకోకుండా ముట్టుకుంటే సారు ఊరుకోరు. సార్జింగు అవుతున్నప్పుడైతే గేసు లేస్తాది, రవ్వ పడితే పేలిపోతాది, పానా పట్టనే కూడదు. సారు ఈ సెక్షనుకి ఒచ్చిన కొత్తల్లోనే, మీరింకా కోటర్సులో ఉండేవారు, మా రామయ్య అద్దాలెట్టుకోకుండా మూత తీసినాడని పైకి కాయితం రాసి పడేసినారు. పాపం వాడు కాల్లట్టుకున్నా ఇన్లేదు." జోగయ్య మెచ్చుకోలుగా నవ్వాడు. "కన్ను పోతే మీ ఇంటోల్లకి నేనేటి జవాబు సెప్పాలిరా అని తిట్టీసినారు. మా మీద అంత పేణం ఆయనకి."

అంటూనే జోగయ్య ఆమె ముఖంవంక చూశాడు. నవ్వు ఆగిపోయింది. తల వంచుకుని ఒత్తి సవరించడానికన్నట్టు దీపం దగ్గరకి వెళ్ళాడు.

ఊర్మిళ ఒక బ్యాటరీ ముందు నిలబడిపోయింది. ఏడుపు రాలేదు. చాలా తేలికైనట్టు అనిపించింది. ఇన్నేళ్ళూ తను వెతుక్కున్న తప్పు, తడి చేతుల్లో, గాజుల్లో, మాడబోయే పప్పులో వెతుక్కున్న తప్పు అక్కడెక్కడా లేదు. ఆయనకి తెలియదనే ఇన్నాళ్ళూ అనుకుంది. మగవాళ్ళకి ఇంటిపని తెలియనట్టే ఇదీ తెలియదేమో, ప్రమాదమని తెలిస్తే చెప్పి ఉండేవారు కదా అని మనసులో ఆయన తరఫున తనే వాదించుకుంది. ఆయనకి తెలుసు. ఇల్లు కట్టకముందే తెలుసు. సాహూజీతో ఆ మాట అన్ననాడు తెలుసు. మిట్టమధ్యాహ్నం, చార్జింగవుతున్న వేళ, బిగించమని కేకేసినప్పుడు కూడా తెలుసు.

ఇంటికొచ్చాక చొక్కా విప్పుతున్న భర్తని అడిగింది. "ఆఫీసులో కళ్ళద్దాలు లేకుండా ముట్టుకోనివ్వరట కదా మీరు."

"ఎవరు, జోగయ్య చెప్పాడా? ముట్టుకోనివ్వను. ఏదైనా జరిగితే ఎంక్వయిరీ వస్తుంది, నా ఉద్యోగం మీదికొస్తుంది."

"మరి ఇంట్లో?"

సూరిబాబు ఆమెని వింతగా చూశాడు. "అది డ్యూటీ. ఇది ఇల్లు. రెంటికీ పోలికేంటే?" అన్నాడు. టీవీ పెట్టుకున్నాడు.

ఆ తరవాత ఊర్మిళ బ్యాటరీలకి నీళ్ళు పొయ్యలేదు. పోట్లాట పెట్టుకోలేదు, ప్రకటించలేదు. మానేసిందంతే. వంట చేసింది, అత్తగారికి నీళ్ళు తోడింది, వసారాలోకి మాత్రం అడుగు పెట్టలేదు. లోపల మట్టం తగ్గుతూ వచ్చింది. ట్యూబులైటు పసుపు తిరిగింది. వార్తలు సగంలో ఆగిపోవడం మొదలైంది. కాలనీవాళ్ళు రావడం తగ్గించారు. సూరిబాబు వసారాలోకి వెళ్ళి చూసి, "ఎండిపోయాయి కదే! ఏం చేస్తున్నావు రోజంతా?" అని అరిచాడు. ఊర్మిళ చపాతీ తిరగేసింది.

సాహూజీని పిలిపించారు. లోపలి పలకలు పాడైపోయాయని, కొత్తవి వెయ్యాల్సిందేనని చెప్పాడు. మళ్ళీ అదే చర్చ. సీల్డు రకం ఇప్పుడు మెరుగైందనీ, ఎండకి కూడా ఆగుతోందనీ, భాభీజీకి శ్రమ తప్పుతుందనీ సాహూజీ ఆమె కంటివైపు చూడకుండా అన్నాడు. సూరిబాబు తల అడ్డంగా ఊపాడు. ఊర్మిళ గుమ్మం దాటి ముందు గదిలోకి వచ్చింది.

"నీళ్ళు అక్కర్లేనివే తీసుకోండి" అంది తెలుగులో. మళ్ళీ సాహూజీకి అర్థమయ్యేలా హిందీలో అంది. "మై పానీ నహీ డాలూంగీ." నేను నీళ్ళు పొయ్యను అని.

సూరిబాబు నవ్వాడు. "మజాక్ కర్ రహీ హై" అన్నాడు. వేళాకోళమాడుతోంది, మీరు నీళ్ళవే పంపండి అని చెప్పేశాడు.

కొత్త బ్యాటరీలు దిగాయి. నీళ్ళు పొయ్యాల్సిన ఆదివారం వచ్చింది, పోయింది. రెండో ఆదివారం కూడా ఊర్మిళ కదలకపోయేసరికి సూరిబాబుకి అర్థమైంది, ఇది వేళాకోళం కాదని. మూడో ఆదివారం పొద్దున్నే స్కూటరు డిక్కీలోంచి ఒక మూట తీశాడు. వసారాలో విప్పాడు. రబ్బరు ఏప్రను తొడుక్కున్నాడు. మోచేతుల దాకా తొడుగులు వేసుకున్నాడు. కళ్ళద్దాలు ముఖానికి ఆనించి పట్టీ తలవెనక్కి లాగి బిగించుకున్నాడు. పక్కన బకెట్‌తో సోడా నీళ్ళు పెట్టుకున్నాడు. అప్పుడు, ఎంతో జాగ్రత్తగా, మొదటి మూత తిప్పాడు.

పొయ్యి ముందు కూర్చున్న ఊర్మిళ అదంతా చూసింది. ఒక్కొక్కటీ తొడుక్కుంటుంటే చూసింది. ఆ చేతులకి తొందర లేదు, తడబాటు లేదు. ఎన్నోసార్లు చేసిన చేతులవి.

అప్పలనరసమ్మ గోడ పట్టుకుని మెల్లగా వసారా గుమ్మం దాకా వచ్చింది. కొడుకుని కిందనుంచి పైదాకా చూసింది. చాలాసేపు చూసింది.

"ఒరే సూరీ" అంది చివరికి. "అయి ఇన్నాల్లూ ఎక్కడున్నాయిరా?"

సూరిబాబు విప్పిన మూత పక్కన పెట్టాడు. "ఆఫీసులో" అన్నాడు.

"ఆపీసులోనే ఉన్నాయా" అంది ముసలామె. గోడ పట్టుకునే వెనక్కి తిరిగి, కోడలి పక్కనుంచి వెళ్తూ ఒక క్షణం ఆగింది. చెయ్యి ఎత్తింది, ఆమె తల మీద పెట్టబోయినట్టు. పెట్టలేకపోయింది. తన మంచం దగ్గరకి వెళ్ళిపోయింది.

సూరిబాబు తొడుగులు విప్పుకుంటూ వంటింట్లోకి వచ్చాడు. కళ్ళద్దాలు తీసి ఊర్మిళ ముందుకి చాపాడు. "సరే, నీ మాటే నెగ్గింది. తెచ్చాగా ఇప్పుడు. ఇకమీదట ఇవి పెట్టుకుని నువ్వే పొయ్యి. ఇంక భయమేముంది?"

ఊర్మిళ వాటిని అందుకోలేదు.

"నేను పొయ్యను. ఒక్క కన్నే మిగిలింది. ఇది నాకు కావాలి."

"దేనికి?" అన్నాడు సూరిబాబు.

వెక్కిరింపుగా అనలేదు. కోపంగా కూడా అనలేదు. నిజంగా అర్థంకాకే అడిగాడు. వంటకి కనపడుతూనే ఉంది, ఇంట్లో తిరగడానికి కనపడుతూనే ఉంది, ఇంక ఆమెకి కన్ను ఎందుకు కావాలో ఎంత ఆలోచించినా ఆయనకి తట్టలేదని ఆ ముఖం చూస్తే తెలుస్తోంది. ఊర్మిళకి భయమేసింది. ఆయనని చూసి కాదు. ఆ ప్రశ్నకి తన దగ్గర కూడా చప్పున జవాబు లేనందుకు. పాతికేళ్ళు పైబడిన కాపురంలో తన చెయ్యి, తన కన్ను, తన నిద్ర ఏది తీసుకున్నా, అది ఎవరికోసమో ఏదో పనికి ఉన్నట్టే ఉంది తప్ప, ఊరికే తనకోసం ఉన్నట్టు లేదు. ఇక్కడే ఇంకా కూర్చుంటే ఆ జవాబు ఎప్పటికీ దొరకదనిపించింది.

పొయ్యి మీద అన్నం దించింది. చేతులు కడుక్కుంది. చీరలు ఒక సంచిలో సర్దుకుని, అత్తగారి మంచం పక్కన మంచినీళ్ళ చెంబు పెట్టి, చెప్పులు వేసుకుంది. "ఎక్కడికే?" అని సూరిబాబు రెండుసార్లు అడిగాడు. రెండోసారికి గొంతు కొంచెం మారింది. ఆమె పక్క సందులోకి నడిచింది. మలుపు దగ్గర ఎడమవైపునుంచి వస్తున్న సైకిలు కనపడక తగలబోయి, ఆగి, తల పూర్తిగా తిప్పి చూసుకుని మళ్ళీ నడిచింది.

కమల డ్యూటీకి బయల్దేరుతూ తలుపు దగ్గరే ఎదురైంది. సంచివంకా, ఆమె ముఖంవంకా చూసి పక్కకి జరిగి దారిచ్చింది.

"మీ క్లినిక్‌లో ఆ చీట్ల పని ఇంకా ఉందా?" అంది ఊర్మిళ.

"ఉంది. ఉంది గానీ వదినా, ఇప్పుడు మనుషులు బాగా పెరిగారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వంచిన తల ఎత్తకుండా రాయాలి. నీ కన్ను అలిసిపోతుందేమో."

"అలిసిపోనీ కమలా" అంది ఊర్మిళ. "నా పనికి అలిసిపోనీ."